సభాకంపం: తెనాలి తెర వెనక నుంచి ఆఫీసు కాల్ దాకా

ఈ ఎపిసోడ్ చెయ్యాలా వద్దా అని ఆరు నెలలు నాన్చాను. మామూలుగా మన ఛానెల్లో రాజులు, కాలవలు, రైలు మార్గాలు, పాత సినిమా కంపెనీలు, ఇలాంటివే కదా మాట్లాడుకుంటాం. ఇవాళ మాట్లాడబోయేది ఒక భయం గురించి. అది నాకూ ఉంది కాబట్టి ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చా. మొన్న మా ఊరు వెళ్లినప్పుడు తాతయ్య పాత ట్రంకు పెట్టెలోంచి ఒక నోట్‌బుక్ బయటపడింది. ఇక దాటెయ్యడం కుదర్లేదు.

మాది జంపని. తెనాలిలో రేపల్లె పాసింజర్ ఎక్కితే కాసేపట్లో దిగిపోయే ఊరు. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. వేమూరు మా మండలం. తెనాలి పేరు చెప్పగానే బయటివాళ్లకు రామలింగడు గుర్తొస్తాడు. రాయల సభలో నోరు మూసుకుని కూర్చోలేని మనిషి! అలాంటి మనిషి పేరులో ఉన్న ఊరి పక్కన పుట్టి, పదిమంది ఉన్న మీటింగులో నా పేరు నేను చెప్పలేకపోయిన సందర్భం ఉంది నాకు.

అది ముందు చెప్పేస్తా. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం. పేరు అనవసరం. రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడైనా ఆగిపోయావా, ఈ మూడు ముక్కలు చెప్పాలి. ముప్పై సెకన్ల పని. ఆ ముప్పై సెకన్ల కోసం నేను ముందురోజు రాత్రి నుంచి వాక్యాలు తయారుచేసుకునేవాణ్ణి. నా వంతు దగ్గరికొచ్చేకొద్దీ చెవుల్లో గుండె చప్పుడు. నా ముందువాళ్లు ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కేది కాదు. ఒకరోజు విదేశీ క్లయింట్ కాల్లో నేను రాసిన మాడ్యూల్ గురించే అడిగారు. అన్‌మ్యూట్ చేశా. గొంతు రాలేదు. నెట్‌వర్క్ సమస్య అని చాట్‌లో టైప్ చేసి బయటికొచ్చేశా. ఆ తర్వాత టీమ్ లీడ్ పని ఇస్తామంటే వద్దన్నా. ఏడాదికి ఉద్యోగమే మానేశా. అందరికీ చెప్పిన కారణం వేరు: సొంతంగా ఏదో చేద్దామని. అందులో సగం అబద్ధం. ఇప్పటిదాకా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఈ వీడియో చూస్తే ఇప్పుడే తెలుస్తుంది. అమ్మా, సారీ.

సరే, తాతయ్య నోట్‌బుక్. లోపల అన్నీ నాటకాల సంభాషణలు, పద్యాల మొదటి మాటలు. ఒక్కొక్క పాత్ర పక్కన పెన్సిల్ గుర్తులు. ఎక్కడ తెర దించాలి, ఎవరు ఎక్కడ మర్చిపోతారు, అన్నీ ఉన్నాయి. శ్రీరామనవమి పందిట్లో ఊరి కుర్రాళ్లు నాటకం వేస్తే మా తాతయ్య ప్రాంప్టర్. తెర పక్కన నిలబడి మాట అందించేవాడు. పాత్రలన్నీ కంఠతా వచ్చు, గొంతు బాగుండేదట. మరి వేషం ఎందుకు కట్టలేదు అని నాన్నమ్మని అడిగితే ఒక్క మాటన్నది: "ఆయనకి సభాకంపం రా అబ్బాయ్."

చూడండి, ఈ మాట మనకు ఎప్పటినుంచో ఉంది. సభాపిరికి అని కూడా అంటారు. నేనేమో నాకొచ్చిన ఇబ్బందికి పేరు కోసం రాత్రిళ్లు ఇంగ్లీషులో వెతికాను. మా నాన్నమ్మ దగ్గర ఆ పేరు రెడీగా ఉంది. సభలో వణుకు. అంతే.

ఇంకా వెనక్కి వెళ్తే భరతుడి నాట్యశాస్త్రంలో సాత్విక భావాలు అని ఎనిమిది ఉంటాయి. స్తంభం, అంటే బిగుసుకుపోవడం. స్వేదం, చెమట. రోమాంచం. స్వరభేదం, గొంతు మారిపోవడం. వేపథువు, వణుకు. వైవర్ణ్యం, మొహం రంగు మారడం. అశ్రువు. ప్రళయం, స్పృహ తప్పడం. కన్నీళ్లు, స్పృహ తప్పడం పక్కన పెడితే మిగతా ఆరూ నాకు సోమవారం పొద్దున పదింటికి వచ్చేవి! నటుడు ఇవి తెప్పించుకోవడానికి ఏళ్లు సాధన చేస్తాడు. మనకు ఫ్రీగా వస్తాయి. అంటే ఈ శరీర లక్షణాలను మనవాళ్లు చాలా శ్రద్ధగా గమనించారు. కాకపోతే వాటిని జబ్బుగా చూడలేదు, మనసు లోపలినుంచి బయటపడే గుర్తులుగా చూశారు.

ఇప్పుడు తెనాలికి వద్దాం. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు ఆంధ్రలో ప్రదర్శనలిచ్చి వెళ్లాక మన దగ్గర నాటకాల జోరు మొదలైంది. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో నాటకం వేయించింది కూడా ఆ ఏడే. తర్వాత యాభై ఏళ్లలో తెనాలి ఒక పెద్ద నాటక కేంద్రం అయిపోయింది. ఆంధ్రా ప్యారిస్ అని ఊరికే అనలేదు. శ్రీ రామవిలాస సభ అక్కడిదే. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు లాంటి వాళ్లు అందులో నటించినవాళ్లే. 1955 కన్యాశుల్కం సినిమాలో లుబ్ధావధాన్లు గుర్తున్నాడా? ఆయనే గోవిందరాజుల. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది కూడా తెనాలిలోనే.

ఇక్కడ ఒక మనిషి దగ్గర ఆగాలి. స్థానం నరసింహారావు గారు. 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తుంటే చంద్రమతి వేషం కట్టాల్సిన ఆయన రాలేదు. ఈ కుర్రాడు ఎక్కాడు. అక్కణ్ణుంచి రామవిలాస సభలో చేరి సత్యభామ, రోషనార, చింతామణి, దేవదేవి, మధురవాణి... స్త్రీ పాత్ర అంటే స్థానం అనేదాకా వెళ్లింది. శ్రీకృష్ణ తులాభారంలో "మీరజాలగలడా" పాట ఆయన రాసి పాడుకున్నదే. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో పోయారు. మా తాతయ్య వాళ్ల నాన్న బండి కట్టుకుని తెనాలి వెళ్లి ఆయన నాటకాలు చూసొచ్చేవారట.

ఒక మాట స్పష్టంగా చెప్తా: స్థానం గారికి సభాకంపం ఉందని నేను అనడం లేదు. ఆయన లోపల ఏముందో నాకేం తెలుసు? నేను చూసేది ఆ మనిషిని కాదు, ఆయన చుట్టూ ఉన్న ఏర్పాటుని. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఉన్నట్టుండి చంద్రమతిగా ఎక్కించగలిగారంటే, ఆ స్టేజీ మీద నిలబెట్టడానికి ఏవో ఉండి ఉండాలి కదా.

ఆ ఏర్పాటు ఏంటో ఊళ్లో నాటకాలు చూసినవాళ్లకు తెలుసు. ఒకటి, ప్రాంప్టర్. మర్చిపోతావు అని ముందే ఒప్పుకున్న పద్ధతి అది. మర్చిపోవడం తప్పు కాదు, మామూలు. దానికోసం ఒక మనిషిని కేటాయించారు. ఇంకొకటి హార్మోనియం. గొంతు బిగుసుకుపోయినా శ్రుతి ఆగదు, దాన్ని పట్టుకుని లేవొచ్చు. నెలల తరబడి రిహార్సల్సు, అదే పదిమంది ముందు. కొత్తవాడికి మొదట ద్వారపాలకుడి వేషమో, చెలికత్తె వేషమో. ఒక మాట అని లోపలికి పోవడమే. అది అలవాటయ్యాక రెండు మాటలు. పద్యం ఉన్న పాత్ర రావడానికి ఏళ్లు పట్టేది.

మా ఆఫీసులో నేను చేరిన మూడో వారంలో క్లయింట్ కాల్లో కూర్చోబెట్టారు. ప్రాంప్టర్ లేడు, హార్మోనియం లేదు. తడబడితే మాత్రం అప్రైజల్లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాశారు.

పాతదంతా బంగారం అని చెప్పడం లేదు, కంగారుపడి కామెంట్లు పెట్టకండి. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరిచే జనమే, బాగోకపోతే ఈలలేసి దింపేసేవాళ్లు. మగవాళ్లు ఆడవేషాలు ఎందుకు కట్టాల్సొచ్చిందో ఆలోచించండి. పరువు పోతుందని ఇంటి ఆడవాళ్లను స్టేజీ దగ్గరికే రానివ్వలేదు. నలుగురూ ఏమనుకుంటారో అనే భయం వాళ్ల మీద ఎంత బరువు పెట్టిందో. దాని గురించి ఇంకో ఎపిసోడ్ కావాలి.

సరే, నాటకం కళ, ఉద్యోగం వేరు అంటారా? అయితే ఉద్యోగంలోనే జరిగింది చెప్తా. ఇది మనందరికీ తెలిసిన మనిషిది, ఆయన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నదే.

1891. లండన్‌లో బారిస్టర్ అయి వచ్చాడు ఒక కుర్రాడు. అక్కడుండగా శాకాహార సంఘం కమిటీలో ఉన్నాడు, ఒక్కసారీ నోరు తెరవలేదు. ఒక విషయంలో గట్టి అభిప్రాయం ఉండి కాగితం మీద రాసుకెళ్తే చదవలేకపోయాడు, వేరేవాళ్లు చదివారు. వెంట్నర్ అనే ఊళ్లో ఒక్క పేజీ ఉపన్యాసం చదవబోతే కళ్లు మసకబారి ఒళ్లు వణికింది, స్నేహితుడు చదివాడు. బొంబాయి వచ్చి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు పట్టాడు. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచాడు. తల తిరిగింది. ఒక్క ప్రశ్న తట్టలేదు. కూర్చుండిపోయాడు. ఫీజు వెనక్కిచ్చి, వేరే వకీలుని పెట్టుకోమని చెప్పి కోర్టు నుంచి వచ్చేశాడు. మోహన్‌దాస్ గాంధీ గారు అండీ.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నా. ఆ చాట్‌లో "నెట్‌వర్క్ సమస్య" అని టైప్ చేసింది గుర్తొచ్చి.

మనకు సాధారణంగా ఈ కథ ఎలా చెప్తారు? అంత పిరికివాడు చివరికి మహాత్ముడయ్యాడు చూడు, నువ్వూ ధైర్యం చెయ్యి అని. నాకు నచ్చేది మధ్యలో జరిగింది. ఆయన రాజ్‌కోట్ వెళ్లి ఆఫీసు పెట్టుకుని అర్జీలు, మెమోరాండాలు రాసిపెట్టడం మొదలుపెట్టారు. నెలకు 300 రూపాయల దాకా వచ్చేవట. అంటే మాట్లాడలేని లాయరు రాసే లాయరయ్యాడు. రెండేళ్లకు 1893లో దక్షిణాఫ్రికా వెళ్లి ప్రిటోరియాలో భారతీయ వ్యాపారుల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. వ్యాపారంలో నిజాయితీ అనేది విషయం. తనకు బాగా తెలిసిన విషయం మీద తయారై వెళ్లారు, ఎదురుగా ఉన్నది తనవాళ్లు. జీవితంలో తన మొదటి బహిరంగ ఉపన్యాసం అదేనని రాసుకున్నారు. 1921లో కాంగ్రెస్ కమిటీ సమావేశానికి బెజవాడ వచ్చేనాటికి మధ్యలో ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లను కథ చెప్పేవాళ్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు, అదీ నా బాధ.

ఇప్పుడు డాక్టర్ల వైపు. జపాన్‌లో మొరిటా షోమా అని ఒక వైద్యుడు 1919 ప్రాంతంలో ఒక చికిత్స మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఆయనకూ ఆందోళన జబ్బు ఉండేది. ఆయన చూసిన రోగుల్లో చాలామందికి ఉన్నది తైజిన్ క్యోఫుషో. నా వల్ల ఎదుటివాళ్లకు ఇబ్బంది కలుగుతుందేమో, నా చూపు, నా వాసన, నా ఎర్రబడ్డ మొహం వాళ్లకు చికాకు తెప్పిస్తుందేమో అనే భయం. తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. భయాన్ని తరిమెయ్యాలని చూడకు, ఉండనీ, చెయ్యాల్సిన పని చెయ్యి అనేది ఆయన పద్ధతి.

పశ్చిమ దేశాల్లో 1958లో జోసెఫ్ వోల్పే అనే ఆయన భయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కొనే చికిత్స మీద పుస్తకం వేశాడు. చిన్న భయం ముందు, పెద్ద భయం తర్వాత. ద్వారపాలకుడి వేషం ముందు, హరిశ్చంద్రుడు తర్వాత! 1966లో ఐజాక్ మార్క్స్, మైఖేల్ గెల్డర్ అనే ఇద్దరు, మిగతా భయాల నుంచి ఈ నలుగురిలో భయాన్ని విడిగా గుర్తించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి సోషల్ ఫోబియా అని ఎక్కింది. 1994లో దాని పక్కన సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అనే పేరు చేరింది. 1999లో ప్యాక్సిల్ అనే మందుకు అమెరికాలో దీనికోసం అనుమతి వచ్చింది. మీకు మనుషులంటే అలర్జీ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి అనే అర్థంలో ప్రకటనలు గుప్పించారు. మామూలు సిగ్గును జబ్బు చేసి అమ్ముతున్నారని క్రిస్టఫర్ లేన్ లాంటివాళ్లు తర్వాత పుస్తకాలు రాశారు.

నా అభిప్రాయం అడిగితే రెండువైపులా నిజం ఉంది. మా తాతయ్యది జబ్బు అనను. ఆయన పొలం, పంచాయితీ, పెళ్లిళ్లు అన్నీ చక్కగా నడిపాడు, స్టేజీ ఒక్కటే వద్దనుకున్నాడు. నాది అలా కాదు. నెలల తరబడి ఉంది, నిద్ర తినేసింది, ఉద్యోగం వదిలించింది. ఆరు నెలలు, అంతకు మించి అలా ఉండి బతుకుకు అడ్డం పడుతుంటే దాన్ని సిగ్గు అనుకుని ఊరుకోకూడదు. అది కుదురుగా చెప్పడానికి ఆ ఇంగ్లీషు పేరు పనికొచ్చింది.

1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ చెప్పిన ఒక విషయం నన్ను పట్టుకుంది. ఈ భయం ఉన్న మనిషి మీటింగులో ఎదుటివాళ్లను చూడడు, తనను తాను చూసుకుంటుంటాడు. లోపల ఎంత గందరగోళంగా ఉందో బయటికి అంతే కనిపిస్తోందని నమ్ముతాడు. దాన్ని దాచడానికి కొన్ని పనులు చేస్తాడు: వాక్యాలు ముందే వల్లె వెయ్యడం, చూపు తప్పించడం, గబగబా ముగించడం, కెమెరా ఆపేసుకోవడం. ఆ పనులవల్లే భయం బతికుంటుంది, ఎందుకంటే అవి లేకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం రాదు. వాళ్ల చికిత్సలో ఒక భాగం ఏంటంటే, మనిషిని వీడియో తీసి అదే వీడియో అతనికి చూపించడం. అతను ఊహించుకున్న బొమ్మకి, తెరమీద కనిపించే బొమ్మకి సంబంధం ఉండదు.

ఇది నాకు పుస్తకంలో కంటే ముందు ఎడిటింగ్ టేబుల్ దగ్గర తెలిసింది. ఈ ఛానెల్ మొదటి ఎపిసోడ్ తీసినరోజు చేతులు ఎంత వణికాయో నాకు తెలుసు. పదకొండు టేకులు. ఎడిట్ చేస్తూ వణుకు ఎక్కడ కనిపిస్తుందా అని ఫ్రేమ్ ఫ్రేమ్ వెతికా. కనపడలేదు. ఎవరో కాస్త నిద్రమొహం కుర్రాడు కాలవల గురించి మాట్లాడుతున్నాడు, అంతే.

అయితే ఇక్కడ ఒక మోసం ఉంది, అదీ చెప్పాలి. కెమెరాకి కళ్లు లేవు. తప్పు మాట్లాడితే కోసేస్తా. ఇది నా తెర వెనక చోటు. తాతయ్యది ఒక పక్క, నాది ఒక పక్క. అందుకే పోయినేడాది మళ్లీ కాంట్రాక్టు మీద కొంత ప్రోగ్రామింగ్ పని ఒప్పుకున్నా. రోజూ స్టాండప్ ఉంటుందని తెలిసే ఒప్పుకున్నా.

ఈసారి లీడ్‌కి మొదటిరోజే చెప్పా, కాల్స్‌లో మాట్లాడటం నాకు కష్టం అని. ఆవిడ మామూలుగా, "సరే, మొదటి రెండు వారాలు చాట్‌లో రాసెయ్యండి, తర్వాత అది చూసి చదవండి" అన్నారు. రాజ్‌కోట్ అర్జీల పద్ధతే! చదవడం అలవాటయ్యాక కాగితం పక్కన పెట్టా. రెండుసార్లు మాట ఆగిపోయింది. ఒకసారి టీమ్‌లో అబ్బాయి "లాగిన్ బగ్ గురించే కదా అన్నా" అని అందించాడు. వాడికి తెలియదు ప్రాంప్టింగ్ చేశాడని.

అన్నట్టు ఆ స్టాండప్ మూడు ప్రశ్నల గురించి. స్క్రమ్ పద్ధతిని కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ప్రపంచానికి పరిచయం చేశారు. 2020లో వాళ్ల గైడ్‌లోంచి వాళ్లే ఆ మూడు ప్రశ్నలు తీసేశారు. ఉద్దేశం పనిని సర్దుకోవడం, ఒక్కొక్కణ్ణి నిలబెట్టి లెక్క చెప్పించడం కాదు. మన ఆఫీసుల్లో మాత్రం ఇంకా లెక్క చెప్పిస్తూనే ఉన్నారు. మీరు లీడ్ అయితే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇంటర్వ్యూలకి ముందు గుండెదడ తగ్గే మాత్ర వేసుకునే స్నేహితులు నాకు ఉన్నారు. ప్రొప్రనలాల్. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. డాక్టర్ రాస్తే తప్ప ముట్టుకోకండి. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, 2022 అక్టోబర్లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నేను చేసిన మొదటి కాల్లో సగంలో పెట్టేశా. రెండోసారి పూర్తిగా మాట్లాడా.

నోట్‌బుక్ సంగతి ఇంకొంచెం ఉంది. చివరి పేజీల్లో ఒకచోట తాతయ్య చేతిరాతలో పాత్రల జాబితా, ఎదురుగా కుర్రాళ్ల పేర్లు. అన్నిటికంటే కింద "భటుడు" అని ఉంది, దాని ఎదురుగా వేరే పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. ఏ ఏడాదో రాయలేదు. నాన్నమ్మని అడిగితే నవ్వింది. ఎక్కాడట. "మహారాజా, వారు విచ్చేసినారు" అనాలట. అన్నాడు, కానీ నమస్కారం పెట్టడం మర్చిపోయి లోపలికి పరిగెత్తుకొచ్చేశాడట. ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడాడట, సంతోషంగా.

వచ్చే ఎపిసోడ్ మా పక్క ఊరు వేమూరులో పుట్టిన గగ్గయ్య గారి మీద. 1895లో పుట్టారు, 1933 సతీ సావిత్రిలో యముడు. ఆయన గొంతు గురించి వేమూరులో పెద్దవాళ్లు చెప్పినవి రికార్డు చేసుకొచ్చా. ఉంటానండీ.